కుక్కంటే వణికే పిల్లాడు: బీఈడీలో చదివిన నిబంధనం బళ్లో పనికొస్తుందా?

గుణుపురం_టీచరు:

అందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర వంశధార ఒడ్డు ఊళ్లో ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతి పిల్లాడు, తొమ్మిదేళ్లు, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కుక్క కనబడితే ఒళ్లు బిగుసుకుపోతుంది, తర్వాత ఎటు పడితే అటు పరుగు. ఒకసారి మోటారుసైకిలుకి అడ్డంగా వెళ్లిపోయాడు. ఏడాదిన్నరగా ఇదే తంతు. కుక్క కరిచిన దాఖలా లేదు. తల్లికి మాత్రం కుక్కలంటే బాగా బెదురు. వాళ్ల నాన్న సైకిలు మీద చెరువు గట్టు వైపు నుంచి చుట్టూ తిప్పి బడికి తెస్తాడు. ఆయన పనికెళ్లిన రోజు పిల్లాడికి బడి లేనట్టే.

తాయెత్తు కట్టించారు. మేనమామ ఒకాయన జడుపు తీరుస్తానని పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి కుక్క ముందు దింపాడు, అప్పట్నుంచి ఇంకా ముదిరింది.

నిబంధనం (ఒకదానితో ఇంకోటి జతపడి నేర్చుకోవడం) గురించి పావ్‌లోవ్, వాట్సన్ చెప్పింది అందరం చదివాం, పరీక్ష రాసి వదిలేశాం. ఇప్పుడు అడుగుతున్నాను. కరవకుండానే భయం ఎలా వచ్చింది? రోజూ కుక్కలు కనబడుతూనే ఉన్నాయి, ఒక్కటీ కరవలేదు, మరి విలుప్తీకరణం (నేర్చుకున్న భయం క్రమంగా ఆరిపోవడం) ఎందుకు జరగలేదు? బళ్లో మేం ఏం చేయొచ్చు? ఎంత దూరంలో, ఎంతసేపు, ఎన్ని రోజులు అన్నది అంకెలతో చెప్పండి. ఇంకొకటి, ఈ పిల్లాడి అక్క సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది. ఇద్దరికీ ఒకే పద్ధతా?

బరంపురం_సైకాలజీ:

టీచరు గారూ, ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను, వైద్యమంతా అందులోంచే వస్తుంది.

పిల్లాడికి రోజూ కుక్కలు కనబడుతున్నాయన్నారు. కనబడిన రెండు మూడు సెకన్లకే పరుగు తీస్తున్నాడు కదా. పరిగెత్తాక దడ తగ్గుతుంది, ఊపిరి కుదుటపడుతుంది. అంటే వాడు నేర్చుకుంటున్నది "పరిగెత్తాను కాబట్టి కరవలేదు" అని. విలుప్తీకరణం జరగాలంటే నిబంధిత ఉద్దీపన (భయాన్ని రేపేది, ఇక్కడ కుక్క) ఎదురుగా ఉండాలి, భయపడ్డ ఫలితం రాకూడదు, అది రాలేదని తెలిసేంతసేపు మనిషి అక్కడే ఉండాలి. శబ్దం వస్తే తిండి వస్తుందని నేర్చుకున్న పావ్‌లోవ్ కుక్క, ఆ శబ్దం వినగానే గదిలోంచి పారిపోయి ఉంటే, ఈసారి తిండి రాలేదన్న సంగతి దానికి ఎన్నటికీ తెలిసేది కాదు.

దీన్ని 1947లో మనస్తత్వ శాస్త్రవేత్త మౌరర్ రెండు అంచెలుగా చెప్పాడు. భయం పుట్టడం శాస్త్రీయ నిబంధనం, అంటే పావ్‌లోవ్ చూపిన జతపడటం. ఆ భయం ఏళ్ల తరబడి నిలబడటం కార్యసాధక నిబంధనం, అంటే చేసిన పనికి వచ్చిన ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం. తప్పించుకున్న ప్రతిసారీ బాధ తొలగుతుంది, ఆ తొలగడమే బహుమతి, కాబట్టి తప్పించుకోవడం ఇంకా బలపడుతుంది. రుణాత్మక పునర్బలనం అంటే ఇదే. పరీక్షల్లో దీన్ని శిక్ష అని రాసేస్తుంటారు. శిక్ష ఒక పనిని తగ్గిస్తుంది, పునర్బలనం ఏ రకమైనా పెంచుతుంది. ఆ తండ్రి ఎంతో ప్రేమతో సైకిలు మీద చుట్టు తిప్పుతున్నాడు, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ చెరువు గట్టు దారి రోజుకో పునర్బలనం.

ఇక భయం పుట్టడం. 1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో వాట్సన్, రోసలీ రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగం గుర్తుండే ఉంటుంది. తొమ్మిది నెలలప్పుడు తెల్ల ఎలుకని చూసి వాడు జంకలేదు. పదకొండో నెలలో, వాడు ఎలుకని ముట్టుకోబోయినప్పుడల్లా వెనకాల ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. మొదటి రోజు రెండు సార్లు, వారం తర్వాత ఐదు సార్లు, మొత్తం ఏడు. ఆ తర్వాత ఎలుక ఒక్కటే కనబడినా ఏడుపు, పక్కకి పాకిపోవడం. అది కుందేలుకీ, కుక్కకీ, బొచ్చు కోటుకీ పాకింది. పాము కరిచినవాడు తాడు చూసినా బెదురుతాడని మనవాళ్లనే సామాన్యీకరణం అదే. చాలా నోట్సుల్లో చివర్లో వాడి భయం పోగొట్టారని ఉంటుంది. అది తప్పు. భయం తీయకుండానే బిడ్డ ఆ ఆస్పత్రి నుంచి వెళ్లిపోయాడు. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ అలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు.

పోగొట్టే దారి చూపించింది మేరీ కవర్ జోన్స్, 1924లో. పీటర్ అనే పిల్లాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు, కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలుని పంజరంలో దూరంగా పెట్టి, రోజురోజుకీ కాస్త కాస్త దగ్గరికి జరిపారు. కుందేలంటే బెదరని పిల్లల్ని పక్కన ఆడించారు. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉందని ఆవిడే హెచ్చరించింది. తొందరపడి కుందేలుని మరీ దగ్గర పెడితే తిండి భయాన్ని తగ్గించడం మాట అటుంచి, భయమే తిండికి అంటుకుంటుంది.

మరి కరవకుండా ఎలా వచ్చింది? భయం మూడు దారుల్లో వస్తుందని రాచ్‌మన్ 1977లో చెప్పాడు: సొంత అనుభవం, ఇంకొకరి భయాన్ని చూడటం, మాటల ద్వారా వినడం. రెండో దారికి గట్టి రుజువు 1980ల్లో మినేకా, కుక్ కోతుల మీద చేసిన పని. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన రీసస్ కోతులకి పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పాముని చూసి హడలిపోవడం కాసేపు చూస్తే చాలు, వీటికీ పట్టుకుంది, నెలలు గడిచినా పోలేదు. వీడియోని మార్చి, కోతి పువ్వుని చూసి హడలినట్టు చూపిస్తే మాత్రం పువ్వు భయం అంటలేదు. కొన్ని భయాలు నేర్చుకోవడానికి ప్రాణి ముందే సిద్ధంగా ఉంటుందని 1971లోనే సెలిగ్‌మన్ అన్న మాటకి ఇది బలం. మన రోడ్ల మీద మోటారుసైకిలు తగిలి దెబ్బలు తిన్నవాళ్లు ఎంతమంది! వాళ్లలో మోటారుసైకిలు ఫోబియా ఎంతమందికి ఉంది? పాము, కుక్క, ఎత్తు, చీకటి, వీటి భయం మాత్రం తేలిగ్గా అంటుకుంటుంది.

మీ పిల్లాడి విషయంలో తల్లిని గమనించండి. వీధిలో కుక్క కనబడగానే ఆవిడ చెయ్యి పిల్లాడి మణికట్టు మీద బిగుసుకుంటుంది. వాడికి ముందు తగిలేది ఆ బిగువు, కుక్క కనబడేది ఆ తర్వాత. "అన్నం తినకపోతే కుక్కకి పట్టిచ్చేస్తా" లాంటి మాటలు మూడో దారి.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. కుక్కల మధ్యే పెరిగిన పిల్లల్ని ఎప్పుడో ఒకసారి కుక్క కరిచినా వాళ్లకి ఫోబియా రావడం తక్కువ. కరవని రోజులు అప్పటికే వందలు పోగుపడి ఉంటాయి, ఒక్క చెడు రోజు వాటిని తుడిచెయ్యలేదు.

మేనమామ చేసిన పని ఎందుకు వికటించిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఒప్పుకోలు లేకుండా హఠాత్తుగా దింపాడు, భయం శిఖరాన ఉండగా పిల్లాడు అరిచాడు, వెంటనే ఎత్తేసుకున్నారు. అంటే భయాన్ని నిండుగా రేపి, తప్పించుకోవడానికి నిండుగా బహుమతి ఇచ్చినట్టు. పైగా ఇప్పుడు మేనమామ ఇంటికి రావడం కూడా ఒక ప్రమాద సూచన అయి ఉంటుంది.

సిస్టర్_రాయగడ:

సూది సంగతి నేను చెప్తాను. దీన్ని కుక్క భయంతో కలిపేస్తే పిల్లకి హాని.

మిగతా ఫోబియాల్లో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, అందుకే మనిషి కింద పడడు. రక్తం, సూది, గాయం భయంలో ముందు కాస్త పెరిగి, ఆ వెంటనే రెండూ ఢమాల్న పడిపోతాయి. మెదడుకి రక్తం తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, తల్లికో తండ్రికో ఉందేమో కనుక్కోండి. "గట్టిగా ఊపిరి పీల్చుకో, ఒళ్లు వదులు చెయ్యి" అని అందరికీ చెప్పినట్టే వీళ్లకీ చెప్తుంటారు. ఒళ్లు వదులైతే రక్తపోటు ఇంకా తగ్గి, ఆ పిల్ల ఇంకా తొందరగా పడిపోతుంది. వీళ్లకి కావలసింది ఒళ్లు బిగించడం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరన్ ఓస్ట్, తన సహచరుడితో కలిసి 1987లో ఈ పద్ధతిని రాసిపెట్టాడు. ఎలాగంటే:

కుర్చీలో కూర్చోబెట్టండి. చేతులు, తొడలు, పొట్ట కండరాలు కలిపి 10 నుంచి 15 సెకన్లు బిగించాలి. మొహంలోకి వెచ్చదనం ఎక్కుతుంది, అదే గుర్తు. ఆ వెచ్చదనం తెలియకపోతే బిగువు చాలలేదన్నమాట. తర్వాత వదిలెయ్యాలి, కానీ మెత్తగా వాలిపోకూడదు, మామూలు స్థితికి రావాలంతే. 20-30 సెకన్లు ఆగి మళ్లీ. ఇలా 5 సార్లు చేస్తే ఒక విడత. రోజుకి 5 విడతలు, వారం పాటు, ఇంటి దగ్గరే. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, కొత్తవాళ్లు అందరూ చేసే పొరపాటు అదే. బిగిస్తూ ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టమంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

వారం తర్వాత సూది బొమ్మలు, తర్వాత ఖాళీ సిరంజి చేతికివ్వడం, తర్వాత టీకా వేసే గదిలో కూర్చుని ఇంకొకరికి వేస్తుంటే చూడటం, చివరికి తనకి. ప్రతి మెట్టు మీదా కళ్లు తిరగబోయే మొదటి గుర్తు (చెవుల్లో హోరు, చల్ల చెమట, ఆవలింత, కడుపులో వికారం) రాగానే బిగించాలి. సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగా ఉంచి, మిగతా ఒళ్లు బిగించాలి. బిగించిన కండలో సూది దిగితే నొప్పి ఎక్కువ.

మొదట్లో పడుకోబెట్టే సూది వేయమని అడగండి, ఏ నర్సూ కాదనదు. పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి, మొహం మీద నీళ్లు కొడుతూ కూర్చోబెట్టకండి. గుండె జబ్బు, బీపీ, గర్భం ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ బిగింపు చేయకూడదు.

ఈ భయాన్ని చిన్న పిల్లల పిరికితనం అనుకుని వదిలేయొద్దు. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు పరీక్షకి వేలు గుచ్చాలి, గర్భిణికి రక్త పరీక్షలుంటాయి, కుక్క కరిస్తే టీకాలుంటాయి. సూది భయంతో అవి మానేసినవాళ్లు పడే నష్టం పెద్దది.

గుణుపురం_టీచరు:

సిస్టర్ గారూ, చాలా థాంక్స్. బిగించమని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, మేమూ "వదులు చెయ్యి" అనే అంటున్నాం.

సార్, కుక్క విషయంలో మెట్లు ఎలా కట్టాలి? మా బడి మైదానం పెద్దదే. హెడ్‌మాస్టారు ఒప్పుకున్నారు, తండ్రి కూడా వస్తానన్నాడు.

పర్లాకిమిడి_కౌన్సెలర్:

మెట్లు నేను రాస్తాను టీచరు గారూ, బళ్లలో చేయించే పని ఇదే కాబట్టి.

మొదటి రోజు కుక్క ఊసే వద్దు. పిల్లాణ్ణి కూర్చోబెట్టి, తెలుగులోనే అడగండి: "కుక్క దగ్గరికొస్తే ఏమవుతుందనుకుంటున్నావ్ నాన్నా?" "భయమేస్తుంది" అంటే అక్కడ ఆగకండి. "ఎగబడి పీక పట్టేస్తాది" అంటాడా, "నా వెనకే ఉరికొస్తాది" అంటాడా, "ఏడిస్తే అందరూ నవ్వుతారు" అంటాడా? ఏ మాట అంటే ఆ మాటే కాగితం మీద రాసుకోండి. మనం పరీక్షించబోయేది ఆ మాటనే. తర్వాత 0 నుంచి 10 దాకా భయం థర్మామీటరు గీసివ్వండి. 1950ల్లో జోసెఫ్ వోల్పే పెద్దవాళ్లకి ఇలాంటి మెట్ల పద్ధతిని క్రమబద్ధం చేశాడు, మెట్లకి విశ్రాంతి సాధన జోడించాడు. తర్వాతి అనుభవంలో తేలిందేమిటంటే విశ్రాంతి లేకపోయినా మెట్లే పని చేస్తాయి. కాబట్టి పిల్లాడికి యోగాసనాలు నేర్పించాకే మొదలుపెట్టాలని ఆగక్కర్లేదు.

కుక్క ఎంపికలో రాజీ పడొద్దు. వీధి కుక్క వద్దే వద్దు. ఎవరింట్లోనైనా పెంచుతున్నది, రేబీస్ టీకా వేసి ఏడాది దాటనిది, నెమ్మదైనది, మీద ఎగబడనిది కావాలి. కూనలున్న తల్లి కుక్క, తింటున్న కుక్క పనికిరావు. మెడపట్టీ, గట్టి తాడు, యజమాని పక్కనే ఉండాలి. కుక్కకి కూడా నీడ, నీళ్లు కావాలి, ఎండలో అరగంట నిలబడ్డ కుక్కకి చిరాకొస్తుంది.

మైదానంలో కబడ్డీ కోర్టుకి గీసినట్టు సున్నంతో అడ్డగీతలు గీయండి. కుక్కని ఒక చివర వేపచెట్టుకి కట్టి, అక్కడి నుంచి 40, 30, 20, 15, 10, 7, 5, 3, 2, 1 మీటర్ల దగ్గర గీతలు. ఏ గీత దాకా వస్తావో పిల్లాడే చెప్పాలి. భయం 3 లేక 4 ఉన్న గీతతో మొదలు. గీతలుంటే పిల్లాడికి తను ఎక్కడిదాకా వచ్చాడో కళ్లకి కనబడుతుంది, మీకు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బతిమాలే పని ఉండదు. నిన్నటి గీత మీద చిన్న రాయి పెట్టమనండి. చాలామంది పిల్లలు మరుసటి రోజు ఆ రాయిని తామే ముందుకి జరుపుతారు.

ప్రతి గీత దగ్గరా చేసేది ఇది. ముందు అడగండి: "ఇక్కడ ఐదు నిమిషాలు నిలబడితే అది నీ మీదకొస్తుందా? ఎంత ఖాయం, పదికెంత?" రాసుకోండి. నిలబడనివ్వండి. కుక్క వైపే చూడాలి, కళ్లు మూసుకోకూడదు. చెవులు, తోక, నాలుక ఎలా ఉన్నాయో వాడే చెప్పాలి. నిమిషానికోసారి అంకె అడగండి. అంకె సగానికి పడితే మంచిదే, పడకపోయినా నష్టం లేదు. ఈ పదిహేనేళ్లలో మిషెల్ క్రాస్కే లాంటివాళ్ల పని వల్ల తేలిందేమిటంటే, భయం అప్పటికప్పుడు తగ్గడం కన్నా, అనుకున్నది జరగలేదన్న ఆశ్చర్యం ముఖ్యం. తర్వాత మళ్లీ అడగండి: "మరి వచ్చిందా? ఏం చేసింది?" జవాబు వాడి నోటి నుంచే రావాలి. "చూశావా, నేను చెప్పలేదా" అని మీరు అందుకోవద్దు.

రోజుకి 30-40 నిమిషాలు, వారానికి కనీసం 4 రోజులు. వారానికోసారి చేస్తే మధ్యలో ఏడు రోజులు చెరువు గట్టు దారి పాఠమే నడుస్తుంది, మన పాఠం ఓడిపోతుంది.

3 మీటర్ల దగ్గరికి వచ్చాక మీరు ముందు చేసి చూపించండి, తర్వాత కలిసి, తర్వాత వాడొక్కడే. 1969లో బండూరా బృందం పాము భయమున్నవాళ్లకి ఇలాగే చేసి చూపించింది. చూడటం ఒక్కటే చేసినవాళ్లకన్నా చూసి, చెయ్యి కలిపినవాళ్లు బాగా ముందుకెళ్లారు. యజమాని కుక్క తల తన వైపు తిప్పి పట్టుకుంటే మీరు దాని వీపు మీద చెయ్యి వేయండి. పిల్లాడి చెయ్యి ముందు మీ చేతి మీద, అక్కడి నుంచి జారి కుక్క వీపు మీదకి. తర్వాత బిస్కట్ నేల మీద పెట్టి వెనక్కి రావడం, తాడు పట్టుకుని పది అడుగులు నడవడం, చివర్లో తాడు లేకుండా ప్రహరీ లోపల.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. భయం 8-9 ఉన్నప్పుడు "పోనీలే ఇవాళ్టికి చాలు" అని ఇంటికి పంపేస్తే మేనమామ చేసిందే మళ్లీ జరుగుతుంది. తట్టుకోలేకపోతే ఒక గీత వెనక్కి రండి, అక్కడ నిలబడి, అక్కడే ముగించండి. తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడితే ఘనత ఆ చేతికి పోతుంది. మొదటి రెండు మెట్లకి పర్వాలేదు, ఆ తర్వాత తండ్రి వెనకాల 5 మీటర్ల దూరంలో ఉండాలి. "ఏం కాదు, ఏం కాదు" అని నిమిషానికి పదిసార్లు అనడం కూడా ఆ చెయ్యి లాంటిదే. ఇక మోసం చేసి కుక్కని దగ్గరికి తెచ్చారంటే, ఒక్క రోజుతో నెల పని పోతుంది. ఏ రోజు ఏం జరుగుతుందో ముందే చెప్పండి, చెప్పిందే చేయండి.

మెచ్చుకోలు ముందుకొచ్చినందుకు ఇవ్వండి. "భయపడలేదు" అని మెచ్చుకుంటే పిల్లాడు భయాన్ని దాచిపెట్టడం నేర్చుకుంటాడు, మీకు నిజం అంకె చెప్పడు.

కోరాపుట్_అన్న:

అంతా బావుంది కానీ ఒక సందేహం. కుక్కలు నిజంగానే కరుస్తాయి, రేబీస్ ప్రాణాంతకం. భయం మొత్తం తీసేస్తే పిల్లాడు ప్రతి వీధి కుక్కనీ నిమురుతాడేమో? ఇంకొకటి, ఆ తాయెత్తు తీయించాలా వద్దా? దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పర్లాకిమిడి_కౌన్సెలర్:

మంచి ప్రశ్నలు అన్నా.

మన లక్ష్యం మామూలు పిల్లాడికుండే జాగ్రత్త. వీధి కుక్క పక్కనుంచి నడిచి వెళ్లగలగాలి, దాన్ని నిమరక్కర్లేదు. యజమాని అనుమతి లేనిదే ఏ కుక్కనీ ముట్టుకోకూడదన్నది మెట్లతో పాటే నేర్పాలి. వీధి కుక్క దగ్గరికొస్తే పరిగెత్తొద్దు, పరిగెత్తేవాణ్ణి కుక్క తరుముతుంది. కళ్లలోకి చూడకుండా, పక్కకి తిరిగి, చేతులు దగ్గరపెట్టుకుని చెట్టులా నిలబడాలి. అది వాసన చూసి పోయాక మెల్లగా నడవాలి. దీన్ని నాటకంలా ఆడించండి, ఒక పిల్లాడు కుక్కవుతాడు, ఇంకొకడు చెట్టవుతాడు. పిడుగు భయానికీ ఇదే సూత్రం. ఉరుము శబ్దాన్ని ఇంట్లో ఫోనులో వినిపించి అలవాటు చేస్తాం, అంతేగానీ ఉరుములప్పుడు పొలంలో నిలబెట్టం.

తాయెత్తు గురించి. "తాయెత్తు ఉంది కాబట్టి కరవలేదు" అని పిల్లాడు అనుకుంటే, ఎన్ని గీతలు దాటినా కుక్క గురించి కొత్తగా నేర్చుకునేది ఉండదు, లెక్కంతా తాయెత్తు ఖాతాలో పడుతుంది. అలాగని మొదటి రోజే తెంపితే ఇంట్లో వాళ్ల నమ్మకం గాయపడుతుంది, తల్లి మనకి దూరమవుతుంది. తాయెత్తు ఉండనివ్వండి. 3 మీటర్ల గీత దగ్గర స్థిరపడ్డాక తల్లిని అడిగి, ఆ అరగంట తాయెత్తు దేవుడి గూట్లో పెట్టి రమ్మనండి. కాస్త వెనక గీత దగ్గర్నుంచి మొదలుపెట్టి అదే మెట్టు మళ్లీ చేయించండి. అప్పుడు వాడికే తెలుస్తుంది. తండ్రి చేతిలో కర్ర, జేబులో రాయి, పెద్దవాళ్లకైతే దడ తగ్గే మాత్ర, ఇవన్నీ ఇదే కోవలోవి. ఆ మాత్రలు ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుతో మాట్లాడాకే.

గుణుపురం_టీచరు:

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. వేసవి సెలవుల తర్వాత భయం మళ్లీ వచ్చేస్తే? అప్పుడు మొదటికొచ్చినట్టేనా?

బరంపురం_సైకాలజీ:

వస్తుంది, రావడం మామూలే. మొదటికి మాత్రం రాదు.

విలుప్తీకరణం పాత పాఠాన్ని చెరిపెయ్యదు. దాని మీద ఇంకో పాఠం రాస్తుంది. కొన్నాళ్లు ఖాళీ ఇస్తే పాతది పైకి తేలుతుంది, పావ్‌లోవ్ దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అన్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మార్క్ బూటన్ తేల్చిన ఇంకో సంగతి బడికి బాగా అవసరం: పాత భయం ఎక్కడికైనా వెంట వస్తుంది, కొత్త ధైర్యం మాత్రం నేర్చుకున్న చోటికే అంటిపెట్టుకుంటుంది. మీ మైదానంలో ఆ ఒక్క కుక్కతో తాడు పట్టుకుని నడిచినవాడు సంత దగ్గర నల్ల కుక్కని చూసి మళ్లీ పరుగు తీయొచ్చు. ఇంట్లోవాళ్లు "ఇంత చేసినా లాభం లేదు" అనేస్తారు. పద్ధతి తప్పి అలా జరగలేదు, రెండో చోటు ఇంకా చేయలేదు కాబట్టి జరిగింది.

అందుకే మైదానం మెట్లు అయ్యాక ఆపకుండా కనీసం మూడు కుక్కలు (చిన్నది, పెద్దది, మొరిగేది), కనీసం మూడు చోట్లు (బడి, వాళ్ల వీధి, సంత రోజు బజారు), వేర్వేరు వేళల్లో, వేర్వేరు మనుషులతో చేయించండి. మెట్లని వరసలోనే కాకుండా కాస్త కలగలిపి కూడా చేయించొచ్చు, ఒక రోజు 5 మీటర్లు, మర్నాడు 2, ఆ మర్నాడు 10. రోడ్డు మీద దూరం నుంచి కుక్క కనబడే దారిలో తండ్రి సైకిలు తోసుకుంటూ, పిల్లాడు పక్కన నడుస్తూ బడికి రావాలి. ఇది వారంలో ఒక రోజుతో మొదలై ఐదు రోజులకి పెరగాలి. చెరువు గట్టు దారి ఆ మేరకు తగ్గాలి.

తల్లిని కూడా ఈ మెట్ల మీదికి తీసుకురండి. ఆవిడ చెయ్యి బిగుసుకోవడం మానకపోతే పిల్లాడికి రోజూ పాత పాఠమే అందుతుంది. ఆవిడకి వేరే సమయంలో, పిల్లాడు లేకుండా, అవే గీతల మీద చేయించండి. తల్లి 5 మీటర్ల దగ్గర నిబ్బరంగా నిలబడగలిగాకే పిల్లాడు చూసేలా చేయించాలి.

సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి వారంలో మూడు రోజులు, 10 మీటర్ల గీత నుంచి మళ్లీ చేయించండి. మొదట వారాలు పట్టిన దూరం ఈసారి ఒకటి రెండు రోజుల్లో దాటేస్తాడు. తర్వాత నెలకోసారి.

మీరు చెప్పిన లెక్కలో ఈ భయం ఏడాదిన్నరగా ఉంది, బడి పోతోంది, రోడ్డు మీద ప్రాణం మీదకి వస్తోంది. కాబట్టి మెట్లు మొదలుపెడుతూనే ఒకసారి చూపించడం మంచిది. 14416కి ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో తెలుగులోనూ మాట్లాడతారు. దగ్గర్లో అంటే బరంపురం ఎం.కె.సి.జి. ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అటువైపు వెళ్లే వీలుంటే విశాఖ మానసిక వైద్యశాల ఉంది. పిల్లాడు రెండు మూడు వారాలకీ మొదటి గీత దాటకపోయినా, నిద్ర, తిండి చెడినా, కుక్కతో పాటు ఇంకా చాలావాటికి భయపడుతున్నా ఆగకుండా వెళ్లండి.

చివరగా, ఈ మధ్యలో ఎక్కడైనా కుక్క నిజంగా కరిస్తే, గాయాన్ని సబ్బుతో, కారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టనివ్వొద్దు. టీకాలు ఒక్కటి కూడా తప్పకుండా వేయించండి. నొప్పి తగ్గిన రెండు మూడు రోజుల్లోనే, మొదట్లో వాడిన ఆ నెమ్మదైన కుక్కతో 20 మీటర్ల గీత దగ్గర మళ్లీ నిలబెట్టండి. నెలల తరబడి వదిలేస్తే ఆ ఒక్క కాటు చుట్టూ పాత దారులన్నీ మళ్లీ మొదలవుతాయి.